ఫోన్ పాతబడిందా, బ్యాటరీ పాతబడిందా? కొత్తది కొనేముందు ఇంట్లోనే ఇలా చూస్కోండి

మొన్న ఎండాకాలం మా మావయ్య వాళ్ళ రొయ్యల చెరువు దగ్గర జరిగింది ముందు చెప్తాను, ఎందుకంటే ఇదంతా రాయడానికి కారణమే అది. ఆకివీడు పక్కన రెండు చెరువులు, ఏరియేటర్లకి, అంటే నీళ్ళని చిలికి గాలి కలిపే మోటార్లకి, మొబైల్ స్టార్టర్ పెట్టుకున్నారు, అంటే కరెంట్ పోయినా మోటార్ ఆగినా అందులో ఉన్న సిమ్ నుంచి మావయ్య ఫోన్ కి కాల్ వస్తది, లేచి వెళ్ళి జనరేటర్ వేస్కుంటారు. ఆ రాత్రి పడుకునేటప్పుడు ఫోన్ లో 34 శాతం ఉంది, తెల్లారేదాకా ఆగుద్దిలే అని మంచం పక్కన పెట్టుకున్నారు. మూడింటికి కరెంట్ పోయింది, స్టార్టర్ కాల్ చేసింది, స్క్రీన్ వెలిగి రింగ్ మొదలవ్వగానే ఫోన్ స్విచాఫ్ అయిపోయింది. నాలుగున్నరకి కాపలా కుర్రాడు టార్చ్ వేసి చూసేసరికి రొయ్యలు పైకి తేలి గట్టు అంచులకి వచ్చేశాయి. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే కదా, గంటన్నర ఏరియేటర్ ఆగితే ఏమవుద్దో చెరువు చేసిన వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఒక చెరువులో సరుకు సగం పోయింది.

పొద్దున్నే ఆ ఫోన్ కి ఛార్జర్ పెట్టి ఆన్ చేస్తే 31 శాతం అని చూపించింది. అంటే ఛార్జింగ్ అయిపోయి ఆగింది కాదు, ఛార్జింగ్ ఉండగానే ఆగిపోయింది. మావయ్య బాధలో "ఈ ఫోన్ ముసలిదైపోయిందిరా, బాగా స్లో కూడా అయింది, కొత్తది కొనేద్దాం" అన్నారు. నేను తీసుకుని రెండ్రోజులు చూశాను. ఫోన్ కి ఏమీ అవ్వలేదు, బ్యాటరీ ఒక్కటే అయిపోయింది. మన వైపు చాలామంది ఇలాగే బ్యాటరీ పోతే ఫోనే పోయింది అనుకుని ఈఎంఐ లో ఇంకోటి తెచ్చేస్తున్నారు, అది చూస్తుంటే నాకు నిజంగా బాధేస్తది. అందుకే ఎలా చూస్కోవాలో, ఏం చెయ్యాలో నాకు తెలిసినంత వరకు ఇక్కడ పెడుతున్నాను.

ముందు అసలు 34 శాతం ఉండగా ఫోన్ ఎందుకు ఆగుద్ది అన్నది అర్థమైతే మిగతా అంతా సులువు. బ్యాటరీని చెరువు అనుకోండి, ఫోన్ ని చేను అనుకోండి, మధ్యలో తూము ఉంది. పాతబడే కొద్దీ రెండు జరుగుతాయి. ఒకటి, చెరువులో పూడిక పేరుకుని పట్టే నీళ్ళు తగ్గుతాయి, దాన్నే మనం ఛార్జింగ్ నిలబడట్లేదు అంటాం. రెండోది ఎవరూ పట్టించుకోరు, తూముకి నాచు పట్టేస్తది, అంటే నీళ్ళు ఉన్నా ఒక్కసారిగా బయటికి రావు. బ్యాటరీ లోపల కూడా అంతే, ఎలక్ట్రోడ్ మీద సన్నటి పొర ఏళ్ళ తరబడి మందమవుతా ఉంటది, ఆ పొర కొంత లిథియాన్ని తినేస్తది, కరెంట్ పోయే దారికి అడ్డం కూడా పడుద్ది. నిండుగా ఉన్న సెల్ లో దాదాపు 4.2 నుంచి 4.4 వోల్టుల దాకా ఉంటది, వాడే కొద్దీ దిగుద్ది. వాట్సాప్ లో మెసేజ్ చదువుతున్నప్పుడు ఫోన్ కి చుక్క చుక్కగా కరెంట్ చాలు, అదే కెమెరా తెరిచినా, వీడియో కాల్ వచ్చినా, సిగ్నల్ సరిగ్గా లేని చోట కాల్ వచ్చినా ఒక్కసారిగా ఎక్కువ లాగుద్ది. తూము మూసుకుపోయి ఉంటే ఆ క్షణంలో వోల్టేజ్ ధబీమని పడిపోద్ది, ఫోన్ తనని తాను కాపాడుకోడానికి ఆగిపోద్ది. మావయ్య ఫోన్ రింగ్ అవ్వబోయి ఆగింది అందుకే. కాలవలకైతే ఎండాకాలం నీళ్ళు కట్టేసి పూడిక తీస్తారు, గుర్రపుడెక్క లాగేస్తారు, బ్యాటరీకి ఆ అవకాశం లేదండి, ఏ యాప్ వేసినా ఏ సెట్టింగ్ మార్చినా ఆ పొర వెనక్కి పోదు.

మరి స్లో అవ్వడానికీ దీనికీ ఏంటి సంబంధం? ఇది 2017 లో ప్రపంచమంతా గొడవ అయిన విషయం. ఆ ఏడాది జనవరిలో వచ్చిన ఐఓఎస్ (ఐఫోన్ ని నడిపే సాఫ్ట్‌వేర్) 10.2.1 అప్‌డేట్ లో యాపిల్ ఒక మార్పు పెట్టింది, బ్యాటరీ బలహీనపడిన ఐఫోన్ 6, 6ఎస్ లాంటి ఫోన్లు ఉన్నట్టుండి ఆగిపోకుండా ప్రాసెసర్ వేగాన్ని కిందికి దించేది. ఆగిపోయే బదులు నెమ్మదిగా నడవనీ అన్న ఆలోచనే అది, ఇంజనీరింగ్ పరంగా తప్పు కాదు, కాకపోతే వాడే వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పలేదు. డిసెంబర్ లో ఫోన్ వేగం కొలిచే గీక్‌బెంచ్ అనే యాప్ పరీక్షల లెక్కలు బయటికొచ్చాక, బ్యాటరీ మారిస్తే ఫోన్ వేగం తిరిగొస్తోందని జనం కూడా చూపించాక కంపెనీ ఒప్పుకుంది, క్షమాపణ చెప్పింది, బ్యాటరీ మార్చే ధర తగ్గించింది. మన దేశంలో పన్నులు కాక 6,500 ఉన్నది 2,000 చేశారు. 2018 మార్చిలో వచ్చిన ఐఓఎస్ 11.3 నుంచి సెట్టింగ్స్ లో బ్యాటరీ హెల్త్ పేజీ వచ్చింది. ఆ తర్వాత 2020 లో ఫ్రాన్స్ 25 మిలియన్ యూరోల జరిమానా వేసింది, అమెరికాలో వినియోగదారుల కేసుని 500 మిలియన్ డాలర్ల వరకు ఇవ్వడానికి ఒప్పుకుని సెటిల్ చేసుకున్నారు. ఈ మధ్య 2025 జులైలో గూగుల్ కూడా పిక్సెల్ 6ఏ కి ఒక అప్‌డేట్ ఇచ్చింది, 400 సైకిళ్ళు (మొత్తం కలిపి 100 శాతం ఛార్జ్ వాడితే ఒక సైకిల్) దాటిన బ్యాటరీలు వేడెక్కకుండా వాటి సామర్థ్యాన్ని, ఛార్జింగ్ వేగాన్ని తగ్గించేది. కాబట్టి బ్యాటరీ వల్ల ఫోన్ స్లో అవ్వడం అనేది పుకారు కాదు, కానీ స్లో అయిన ప్రతి ఫోన్ కీ బ్యాటరీయే కారణం అనుకోవడమూ తప్పే. అందుకే ముందు విడదీసి చూడాలి.

విడదీయడంలో మొట్టమొదట చూడాల్సింది స్టోరేజ్. సెట్టింగ్స్ లోకెళ్ళి ఎంత ఖాళీ ఉందో చూడండి, 128 జీబీ లో 122 నిండిపోయి ఉంటే మీ ఫోన్ స్లో అవ్వడానికి సగం కారణం అక్కడే దొరికినట్టు. లోపలి మెమరీ చిప్ కి కొత్తది రాయాలంటే ఖాళీ గదులు కావాలి, లేకపోతే ఉన్నవి సర్దుకుంటా రాయాలి, అందుకే కెమెరా తెరుచుకోడానికి, ఫోటో సేవ్ అవ్వడానికి కూడా ఆలస్యం అవుద్ది. నేను ఎప్పుడూ ఐదో వంతు ఖాళీ ఉంచమంటాను. మన ఇళ్ళల్లో నింపేసేది వాట్సాపే, కోనసీమలో ఏ ఇంట్లో చూసినా కువైట్ లోనో మస్కట్ లోనో ఒకళ్ళుంటారు, వాళ్ళు పంపిన వీడియోలు, పెళ్ళి వీడియోలు, పొద్దున్నే వచ్చే శుభోదయం బొమ్మలు, అవన్నీ గ్యాలరీలో కూర్చుంటాయి. వాట్సాప్ సెట్టింగ్స్ లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్ నొక్కితే పెద్ద ఫైళ్ళు, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి విడిగా చూపిస్తది, అక్కడి నుంచి తీసేయండి. కావాల్సిన పిల్లల వీడియోలు, పెద్దవాళ్ళ వాయిస్ మెసేజ్ లు ముందు పెన్ డ్రైవ్ లోకో కంప్యూటర్ లోకో ఎక్కించుకుని అప్పుడు తీయండి, మా పిన్ని తొందరపడి మొత్తం తీసేసి చనిపోయిన తాతగారి గొంతు ఉన్న మెసేజ్ లు పోగొట్టుకుంది, ఇప్పటికీ బాధపడుద్ది. ఆటో డౌన్‌లోడ్ కూడా ఆపేసుకోండి. ర్యామ్ క్లీనర్లు, బూస్టర్లు అని యాప్ లు ఉంటాయే, అవి తీసేయండి, అవి మూసేసిన యాప్ ని ఫోన్ మళ్ళీ మొదటి నుంచి తెరవాల్సి రావడం వల్ల ఛార్జింగ్ ఇంకా ఎక్కువ పోద్ది.

రెండోది వేడి. పాలకొల్లు నుంచి నర్సాపురం బండి మీద మధ్యాహ్నం పూట మ్యాప్ పెట్టుకుని వెళ్ళారనుకోండి, దిగేసరికి స్క్రీన్ మసకబారి, వేలు పెడితే కదలక, ఫోన్ పే తెరుచుకోక విసిగిస్తది. అది బ్యాటరీ పాతబడి కాదు, లోపల వేడెక్కిపోయి ప్రాసెసర్ తనంతట తాను నెమ్మదించింది. నీడలో పది నిమిషాలు పెడితే మామూలైపోద్ది. నీడలో పెట్టినా, రాత్రి చల్లగా ఉన్నప్పుడు కూడా అలాగే ఉంటే అప్పుడు వేరే కారణం వెతకాలి.

ఇక బ్యాటరీ సంగతి. ఐఫోన్ అయితే సెట్టింగ్స్ లో బ్యాటరీ, అందులో బ్యాటరీ హెల్త్ చూడండి, మ్యాగ్జిమమ్ కెపాసిటీ అని శాతం ఉంటది. 80 కి కిందకి పోతే మార్చే వేళ అయినట్టే. శాంసంగ్ లో శాంసంగ్ మెంబర్స్ అనే యాప్ లో డయాగ్నస్టిక్స్ ఉంది, బ్యాటరీ స్టేటస్ దగ్గర బాగుందో లేదో చెప్తది. కొన్ని రెడ్‌మీ, పోకో ఫోన్లలో డయల్ చేసే చోట *#*#6485#*#* కొడితే బ్యాటరీ వివరాలు వస్తాయి. కొన్ని కంపెనీలు ఇప్పుడు సెట్టింగ్స్ లోనే బ్యాటరీ హెల్త్ ఇస్తున్నాయి, సెట్టింగ్స్ పైన వెతికే చోట బ్యాటరీ హెల్త్ అని కొట్టి చూడండి. ఏదీ లేకపోతే ఆక్యుబ్యాటరీ అనే యాప్ ఉంది, కానీ అది వేసిన రోజే చెప్పే అంకెని నమ్మొద్దు, ఏడెనిమిది సార్లు బాగా దించి ఎక్కించాక వచ్చేదే కాస్త దగ్గరగా ఉంటది.

యాప్ లు ఏమీ లేకుండా నేను చేసే పద్ధతి ఒకటి ఉంది, మావయ్య ఫోన్ కీ ఇదే చేశాను, నాకు అన్నిటికన్నా దీని మీదే నమ్మకం. ఫుల్ ఛార్జ్ చెయ్యండి, ఫోన్ లోనే డౌన్‌లోడ్ అయి ఉన్న ఒక పెద్ద వీడియో తీసుకోండి, ఫ్లైట్ మోడ్ పెట్టండి, వెలుతురు సగానికి ఉంచి సరిగ్గా గంట ఆడించండి. ఎంత దిగిందో కాయితం మీద రాయండి. సిగ్నల్ వల్ల వచ్చే తేడా ఇందులో ఉండదు కాబట్టి ఉన్నది ఉన్నట్టు తెలుస్తది. బాగున్న బ్యాటరీ మెట్టు మెట్టుగా దిగుద్ది, పోయిన బ్యాటరీ 46, 45 అని ఉండి ఉన్నట్టుండి 29 కి పడుద్ది. తర్వాత 35 శాతం దరిదాపుల్లో ఉన్నప్పుడు ఫ్లైట్ మోడ్ తీసేసి, కెమెరాలో ఫ్లాష్ వేసి వీడియో తీయండి. అక్కడ ఆగిపోయి, ఛార్జర్ పెట్టి అదే పని చేస్తే ఆగకపోతే ఇంక అనుమానం పెద్దగా అక్కర్లేదు, తూము మూసుకుపోయింది. ఛార్జర్ పెట్టినా అదే పనిగా ఆగిపోతా, తనంతట తాను రీస్టార్ట్ అవుతా ఉంటే మాత్రం బ్యాటరీ కొని పెట్టకండి, బోర్డ్ లో ఏదో ఉంది, ముందు చూపించుకోండి.

ఇంకోటి కంటితో చూసేది. ఫోన్ ని పౌచ్ లోంచి తీసి చదునుగా ఉన్న గచ్చు మీద పెట్టి మెల్లగా తిప్పండి. బొంగరంలా తిరిగితే వెనక ఉబ్బింది. కెమెరా ఎత్తుగా ఉన్న ఫోన్లు ఎలాగూ ఊగుతాయి, వాటికి పక్క నుంచి చూడండి, స్క్రీన్ కీ ఫ్రేమ్ కీ మధ్య సందు వచ్చిందా, గోరు దూరేంత ఉందా అని. ఉబ్బితే ఇక పరీక్షలు లేవు, ఛార్జింగ్ పెట్టడం ఆపేయండి, ఆ రోజే షాప్ కి తీసుకెళ్ళండి. నొక్కి సరిచెయ్యడం, సూదితో గాలి తీయడం లాంటివి ఎవరు చెప్పినా చెయ్యొద్దు, లోపల ఉన్నది గాలి కాదు, అంటుకునే గ్యాస్. ఊళ్ళో ఒక కుర్రాడు అలా చేసి చెయ్యి కాల్చుకోవడం నేను కళ్ళారా చూశాను.

బ్యాటరీ ఎన్నాళ్ళు రావాలి అని చాలామంది అడుగుతుంటారు. లెక్క సైకిళ్ళలో ఉంటది, సైకిల్ అంటే ఎన్నిసార్లు ఛార్జర్ గుచ్చాం అని కాదు, ఇవాళ సగం రేపు సగం వాడితే రెండ్రోజులకి ఒక సైకిల్. యాపిల్ ఐఫోన్ 14 వరకు 500 సైకిళ్ళకి 80 శాతం మిగిలేలా చేశామని చెప్తది, ఐఫోన్ 15 నుంచి 1,000 సైకిళ్ళకి. యూరప్ లో 2025 జూన్ 20 నుంచి అమ్మే ఫోన్లకి 800 సైకిళ్ళ తర్వాత కూడా 80 శాతం ఉండాలని రూలే పెట్టారు. రోజుకొక సైకిల్ వాడే వాళ్ళకి 500 అంటే ఏడాదిన్నర కూడా రాదు, రెండున్నర మూడేళ్ళకి బ్యాటరీ నీరసించడం మామూలే, కంగారుపడాల్సింది కాదు.

కానీ మన డెల్టాలో ఆ లెక్క కంటే ముందే పోతున్నాయి, కారణం ఎండ. బ్యాటరీల గురించి రాసే వాళ్ళు తరచూ చూపించే ఒక పట్టిక ఉంది, బ్యాటరీని ఏమీ వాడకుండా ఊరికే ఏడాది పక్కన పెడితే ఏమవుద్దో అని. 25 డిగ్రీల్లో 40 శాతం ఛార్జ్ తో ఉంచితే దాదాపు 96 శాతం మిగులుద్ది, అదే 40 డిగ్రీల్లో ఫుల్ ఛార్జ్ తో ఉంచితే 65 శాతమే మిగులుద్ది. వాడకుండానే! వేడి ఒక్కటీ అయితే కొంత, ఫుల్ ఛార్జ్ ఒక్కటీ అయితే కొంత, రెండూ కలిస్తే బ్యాటరీని తినేస్తాయి. ఇప్పుడు రోహిణీ కార్తెలో మన పని చూడండి, రాత్రంతా ఛార్జింగ్ లో పెట్టి 100 చేసి, దాన్ని తీసుకెళ్ళి బండి డిక్కీలో వేసి, తాళం వేసి తాడేపల్లిగూడెం మార్కెట్ లో మూడు గంటలు ఎండలో వదిలేస్తాం. ట్రాక్టర్ ముందు అద్దం దగ్గర పెడతాం. ధాన్యం రాశి పక్కన బరకం మీద పెడతాం. ఎండలో ఉన్న డిక్కీ లోపల బయటి కంటే ఎంత వేడి ఉంటదో చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తది. యాపిల్ అయితే చుట్టూ 35 డిగ్రీలు దాటిన చోట వాడితే బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతినొచ్చని రాసే పెట్టింది, మనకి ఏప్రిల్ నుంచి జూన్ దాకా మధ్యాహ్నం అంతకంటే ఎక్కువే కదండీ.

అందుకని ఫోన్ ని ఏసీలో పెట్టమని నేను చెప్పట్లేదు, అది జరిగే పని కాదు. చేతిలో ఉన్నవి చెప్తాను. డిక్కీలో కాకుండా చొక్కా జేబులోనో, సంచిలో బట్టల మధ్యో పెట్టుకోండి. చేలో ఉంటే క్యారేజీ బుట్టతో పాటు కొబ్బరి చెట్టు నీడకి పెట్టండి. ఛార్జింగ్ పెట్టేటప్పుడు లావుపాటి పౌచ్ తీసేయండి, పరుపు మీద, తలగడ కింద పెట్టకుండా గచ్చు మీదో చెక్క బల్ల మీదో పెట్టండి. ఛార్జింగ్ లో పెట్టి గేమ్ ఆడే పిల్లలకి మెల్లగా చెప్పండి, ఛార్జింగ్ వేడి, గేమ్ వేడి రెండూ ఒకేసారి పడతాయి. ఎండలో తిరిగొచ్చిన ఫోన్ ని వెంటనే ఫాస్ట్ ఛార్జర్ కి తగిలించొద్దు, మీరు ముఖం కడుక్కుని మజ్జిగ తాగేలోపు అది కూడా చల్లారుద్ది. ఫోన్ లో 80 దగ్గర ఛార్జింగ్ ఆపే సెట్టింగ్ ఉంటే ఎండాకాలం మూడు నెలలన్నా అది ఆన్ చేసుకోండి, చాలా ఫోన్లలో బ్యాటరీ ప్రొటెక్షన్ అనో ఛార్జ్ లిమిట్ అనో ఉంటది. వేడెక్కింది కదా అని ఫ్రిజ్ లోనో, రొయ్యల ఐస్ డబ్బా మీదో పెట్టడం మాత్రం ఘోరం. మన గాలిలో ఉక్క ఎంతుందో తెలుసు కదా, చల్లటి గ్లాసుకి చెమట పట్టినట్టే ఫోన్ లోపల కూడా నీటి బొట్లు కడతాయి, బ్యాటరీ సంగతి అటుంచి బోర్డే పోద్ది.

పూర్తిగా సున్నాకి దించి పెట్టాలి, కొత్త ఫోన్ ని ఎనిమిది గంటలు కదపకుండా ఛార్జ్ చెయ్యాలి, ఇవన్నీ పాత నికెల్ బ్యాటరీల కాలం మాటలు. 1991 లో సోనీ మొదటిసారి మార్కెట్ లోకి తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీలకి అవి వర్తించవు. 20 కి 80 కి మధ్య తిరిగితే దానికి హాయి. మరీ శాతం తప్పు చూపిస్తుంటే ఒక్కసారి పూర్తిగా దించి నింపితే మీటర్ సరవుద్ది, అంతే, బ్యాటరీ బాగవ్వదు.

లంక గ్రామాల వాళ్ళకి ఒక మాట. టవర్ దూరంగా ఉన్న చోట ఫోన్ సిగ్నల్ కోసం గట్టిగా అరిచినట్టు పనిచేస్తది, 5జీ వచ్చీ రాక మాటిమాటికీ 4జీ కి మారే చోట మరీను. అక్కడ నెట్‌వర్క్ సెట్టింగ్ లో 4జీ మీదే ఉంచేయండి, సాయంత్రానికి తేడా మీకే తెలుస్తది. జులై ఆగస్టుల్లో గోదావరికి వరదొచ్చి కరెంట్ లేని రోజుల్లో ఇంట్లో ఉన్న నాలుగు ఫోన్లూ ఆన్ లో పెట్టొద్దు, బ్యాటరీ బాగున్నది ఒకటి ఆన్ లో ఉంచి మిగతావి ఆపేసి పెట్టండి. తడిస్తే ఆఫ్ చేసి, సిమ్ తీసి, ఫ్యాన్ గాలికి ఆరబెట్టండి, పూర్తిగా ఆరేదాకా ఛార్జర్ జోలికి వెళ్ళొద్దు, బియ్యంలో పెట్టినా ఉపయోగం లేదు, దుమ్ము లోపలికి పోద్ది.

సరే, బ్యాటరీయే పోయిందని తేలింది. మార్పించడం ఎక్కడ? కంపెనీ సర్వీస్ సెంటర్ దగ్గరుంటే అక్కడే మార్పించండి, భీమవరం, రాజమండ్రి, కాకినాడ వైపు వెళ్ళే పని ఎలాగూ ఉంటది కదా, ముందు ఫోన్ చేసి మీ మోడల్ బ్యాటరీ ఉందా అని కనుక్కుని బయల్దేరండి, లేకపోతే రెండుసార్లు తిరగాలి. అక్కడ దొరకదు అంటే ఊళ్ళో నమ్మకమైన సెల్ షాప్. మావయ్య ఫోన్ కి ఊళ్ళో షాప్ లోనే వేయించాను, 1,400 అయింది, అదే కొత్త ఫోన్ అయితే 16 వేలు అనుకుంటున్నారు. షాప్ లో బ్యాటరీ బయటికి తీయించి చేత్తో పట్టుకుని చూడండి. దాని మీద ఉన్న మోడల్ నంబర్ మీ పాత బ్యాటరీ మీద ఉన్నదానితో సరిపోవాలి. ఎంఏహెచ్, అంటే బ్యాటరీలో ఎంత ఛార్జ్ పడుద్దో చెప్పే అంకె, కూడా అంతే ఉండాలి, అదే సైజులో "మీ పాతది 4,000 అండి, ఇది 6,000 అండి" అంటే ఆ బ్యాటరీ తీసుకోవద్దు, ఆ కాస్త చోటులో అంత పట్టదు. బీఐఎస్ (మన దేశ ప్రమాణాల సంస్థ) గుర్తు, ఐఎస్ 16046 అని, ఆర్ తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ఉందా చూడండి. తయారీ తేదీ ఉంటే చూడండి, మూడేళ్ళు పెట్టెలో పడున్న కొత్త బ్యాటరీ కొత్తది కాదు. బిల్లు, వారంటీ ఎన్ని నెలలో రాయించుకోండి. ఐఫోన్ అయితే బయటి షాప్ లో మారిస్తే బ్యాటరీ గుర్తుపట్టలేదని మెసేజ్ రావచ్చు, కంగారు పడకండి, కానీ ముందే అడిగి వేయించుకోండి.

ఇచ్చే ముందు ఫోటోలు, కాంటాక్టులు బ్యాకప్ తీసుకోండి, సిమ్ తీసి జేబులో వేస్కోండి, ఎందుకంటే బ్యాంకూ యూపీఐ అంతా ఆ నంబర్ మీదే ఉంది. లాక్ పిన్ రాసిచ్చేయడం మన వైపు మరీ అలవాటు, దయచేసి ఇవ్వకండి. శాంసంగ్ లో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్ లో రిపేర్ మోడ్ ఉన్నాయి, అవి ఆన్ చేసిస్తే రిపేర్ చేసే వాళ్ళకి మీ ఫోటోలు, మెసేజ్ లు కనపడవు. లేని ఫోన్ అయితే అక్కడే కూర్చుని మార్పించుకోండి, చేయి తిరిగిన కుర్రాడికి చాలా ఫోన్లకి గంట కూడా పట్టదు. అయ్యాక అక్కడికక్కడే కెమెరా, ఫింగర్ ప్రింట్, స్పీకర్, ఛార్జింగ్ చూసుకోండి, స్క్రీన్ అంచులు లేచి లేవని వేలితో తడమండి. ఒకసారి తెరిచాక నీళ్ళు పోకుండా ఉండే గమ్ మునుపటిలా ఉంటదని నమ్మొద్దు, తర్వాత నుంచి వానలో, చెరువు దగ్గర జిప్ కవర్ లో పెట్టుకోండి. పాత బ్యాటరీని ఇంటికి తెచ్చి చెత్తలోనో కాలవలోనో పడెయ్యకండి, చెత్తలో నలిగితే నిప్పంటుకుంటది, 2022 బ్యాటరీ వేస్ట్ రూల్స్ ప్రకారం తయారీదారులే వాటిని వెనక్కి తీసుకునే ఏర్పాటు చెయ్యాలి, సర్వీస్ సెంటర్ లోనే ఇచ్చేయండి. బ్యాటరీ విషయంలో మోసం జరిగి షాప్ వాళ్ళు మాట వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ప్రతి ఫోన్ కీ బ్యాటరీ వేయించమని కూడా నేను అనను. మీ ఫోన్ ఆండ్రాయిడ్ మరీ పాతదై, బ్యాంక్ యాప్ "ఈ ఫోన్ లో పనిచేయదు" అంటుంటే, 2 జీబీ ర్యామ్ తో ఉన్నదైతే, సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయి చాలాకాలమైతే ఆ డబ్బు కొత్తదాని మీదే పెట్టండి. నా లెక్క ఇది, స్టోరేజ్ ఖాళీ చేసి, ఒకసారి రీసెట్ కొట్టాక ఛార్జర్ మీద ఉన్నప్పుడు ఫోన్ మీకు సరిపడా వేగంగా ఉంటే బ్యాటరీ వేయించండి. ఛార్జర్ మీద, చల్లటి గదిలో, ఖాళీ స్టోరేజ్ తో కూడా నత్తలా ఉంటే వేయించొద్దు. ఐఫోన్ కి మాత్రం బ్యాటరీ హెల్త్ పేజీలో ఏం రాసుందో చూసే నిర్ణయించుకోండి, అక్కడ పర్ఫార్మెన్స్ మేనేజ్‌మెంట్, అంటే పైన చెప్పిన వేగం దించే ఏర్పాటు, అమలయిందని ఉంటే ఛార్జర్ మీద కూడా నెమ్మదిగానే ఉండొచ్చు.

మావయ్య ఫోన్ ఇప్పుడు గంట వీడియోకి 9 శాతం దిగుతోంది, అంతకు ముందు 27 దిగేది. 10 శాతం దాకా ఆగట్లేదు. అయినా స్టార్టర్ నంబర్ ని ఆ ఫోన్ లో ఉంచలేదు, ఒక కీప్యాడ్ ఫోన్ కొని అందులో సిమ్ వేసి, స్టార్టర్ కాల్ దానికి వెళ్ళేలా నంబర్ మార్చాం, దానికి వారానికి రెండుసార్లు ఛార్జ్ పెడితే చాలు, రాత్రి మంచం కోడుకి వేలాడుతూ ఉంటది. రెండో నంబర్ గా కాపలా కుర్రాడిది పెట్టాం. స్మార్ట్ ఫోన్ పౌచ్ లోపలి వైపు బ్యాటరీ మార్చిన తేదీ మార్కర్ తో రాశాను, దాని కింద ఆ గంట వీడియో అంకె కూడా. ఆర్నెల్లకోసారి మళ్ళీ అదే వీడియో ఆడించి పక్కన కొత్త అంకె రాస్తున్నాం.